పక్షవాతం వచ్చిన నాన్నని ఇంటికి తెచ్చుకున్నాక ఎవరు ఏ పని పట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 61 ఏళ్లు, తెనాలిలో కిరాణా కొట్టు. మెదడులో రక్తం గడ్డకట్టి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట సరిగ్గా రావట్లేదు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపేశారు. ఇంట్లో అమ్మగారు ఒక్కరే, మీరు బెంగళూరులో, అక్క డాలస్‌లో. చుట్టాలూ నాన్నగారి స్నేహితులూ రోజూ వస్తున్నారు, "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటున్నారు, ఏం చెప్పాలో మీకు తెలియట్లేదు. ఉద్యోగం మానేసి వచ్చేయాలా అని కూడా అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి పక్షవాతం వచ్చినవాళ్లకి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటాను, ఏళ్ల తరబడి అదే పని. మందులూ మోతాదులూ మీ న్యూరాలజిస్టు చూసుకుంటారు, అందులో నేను వేలు పెట్టను. ఇంటి లోపల జరిగేది మాత్రం నాకు బాగా తెలుసు.

నేను వెళ్లే ఇళ్లలో దాదాపు ప్రతిచోటా ఒకటే వరస. ఐసీయూ బయట పాతికమంది, డిశ్చార్జి అయిన వారం ఇంటి నిండా జనం, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. రెండో నెల వచ్చేసరికి భార్య తప్ప ఎవరూ ఉండరు. అసలు కష్టం మొదలయ్యేదే అప్పుడు. మనిషి మెల్లగా లేవడం మొదలుపెట్టి కిందపడేదీ, "ఇక నావల్ల కాదు" అని మొండికేసేదీ, భార్యకి నడుం పట్టేసేదీ అన్నీ రెండో నెలలోనో మూడో నెలలోనో. అందుకని ఇప్పుడు "ఏం కావాలన్నా చెప్పండి" అంటున్న ప్రతివాళ్లకీ మొహమాటపడకుండా ఒక పని, ఒక వారం చెప్పేయండి, వీలైతే కాగితం మీద రాసి గోడకి అంటించండి. మనవాళ్లకి సాయం చేయాలని లేక కాదు, ఏం చేయాలో తెలియక కుర్చీలో కూర్చుని కాఫీ తాగి వెళ్లిపోతారు. ఆ కాఫీ పెట్టేది కూడా మీ అమ్మగారే.

పనులు పంచేముందు ఆ ఇంట్లో అడుగుపెట్టే ప్రతివాళ్లకీ తెలిసి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. తిండితో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రేమతో చేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

స్ట్రోక్ తర్వాత చాలామందికి మింగే కండరాలు కూడా బలహీనపడతాయి. మింగింది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. స్ట్రోక్ నుంచి గట్టెక్కినవాళ్లు కూడా దీనితో పోతుంటారు. అన్నం కంటే మంచినీళ్లతోనే ఎక్కువ భయం, పల్చగా ఉంటాయి కాబట్టి గొంతు సర్దుకునేలోపే జారిపోతాయి. నీళ్లు తాగగానే దగ్గు వచ్చినా, గొంతులో ఏదో తడి ఉన్నట్టు గరగరగా మాట్లాడినా అక్కడితో ఆపేసి డాక్టరుకి చెప్పండి. కొందరికి దగ్గు కూడా రాదు, ఊరికే మళ్లీ మళ్లీ జ్వరం వస్తుంటుంది. పడుకోబెట్టి చెంచాతో జావ పోయడం మాత్రం ఎవరు చేస్తున్నా ఆపించండి. నిటారుగా కూర్చోబెట్టాలి, టీవీ కట్టేయాలి, చిన్న చెంచాతో పెట్టాలి, ఒకటి మింగాకే రెండోది. తిన్నాక ఓ అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. కుడి బుగ్గలో స్పర్శ తక్కువగా ఉంటే మెతుకులు అక్కడే ఉండిపోతాయి, ఆయనకి తెలియదు, అందుకే తిన్న ప్రతిసారీ నోరు చూసి మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయాలి. ముక్కు గొట్టంతో పంపారా లేదా మీరు రాయలేదు. గొట్టం ఉన్నా సరే, పోసేటప్పుడు తలవైపు ఎత్తుగానే ఉండాలి. గుడి నుంచి వస్తూ వస్తూ ప్రసాదం నోట్లో పెట్టబోయే పెద్దమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, ఆ ప్రసాదం చేతికి తీసుకుని దేవుడి గూట్లో పెట్టే బాధ్యత ఎవరికైనా అప్పగించండి. నవ్వులాటకి చెప్పట్లేదు.

రెండోది పుండ్లు. తనంతట తాను కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. గాలి పరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు, అది పనిచేసేది తిప్పుతూ ఉంటేనే. నడుం కింది ఎముక దగ్గర, తుంటి పక్కన, మడమల మీద రోజూ వెలుతురులో చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైందని లెక్క. అక్కడ నూనె పెట్టి రుద్దకూడదు, లోపల ఇంకా చితుకుతుంది, ఆ వైపు బరువు పడకుండా చూడటమే ముందు చేయాల్సింది. యూరిన్ పైపు ఉంటే సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, తిప్పేటప్పుడు మంచం మీద పెట్టేసి మర్చిపోతారు.

ఈ రాత్రి డ్యూటీ ఉంది చూశారా, దీన్ని అమ్మగారి ఒక్కరి మీద వదిలేస్తే నెల తిరక్కుండా ఆవిడ కూడా మంచాన పడతారు. బాబాయి కొడుకులో, మేనల్లుళ్లో, కొట్లో పనిచేసే కుర్రాడో, వారానికి రెండు మూడు రాత్రులు మగవాళ్లెవరైనా పడుకునేలా చూడండి. మగవాళ్లు అని ఎందుకు అంటున్నానంటే, స్నానం చేయించడం, డైపరు మార్చడం లాంటివి కూతురితోనో కోడలితోనో చేయించుకోవడం చాలామంది తండ్రులకి చచ్చేంత సిగ్గు. మాట రాదు కాబట్టి చెప్పలేరు, నీళ్లు తాగితే మళ్లీ లేపాలి కదా అని నీళ్లు తాగడమే మానేసినవాళ్లని చూశాను. నాన్నగారినే అడగండి ఎవరు చేస్తే బాగుంటుందో, తల ఊపి అయినా చెప్తారు. ఇంట్లో కొడుకులుండగా ఇదంతా ఆడవాళ్ల పని అని పక్కకి తప్పుకోవడం నాకు అస్సలు నచ్చదు. వచ్చినప్పుడు మీరూ నేర్చుకోండి.

భుజం గురించి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు, దాదాపు అందరూ. ఆ భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు ఇప్పుడు పనిచేయట్లేదు, లాగితే కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది, నొప్పి ఉన్నంతకాలం ఎక్సర్‌సైజు చేయనివ్వరు. చంకలో చెయ్యి వేసి ఎత్తడం కూడా అంతే. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపాలి, కుర్చీని ఆయన బలంగా ఉన్న ఎడమ వైపు వేయాలి. కూర్చున్నప్పుడు కుడి చెయ్యి కిందికి వేలాడకుండా దిండు మీద పెట్టాలి. మీ ఫిజియో వచ్చినప్పుడు ఇవన్నీ ఒకసారి చేయించి ఫోన్‌లో వీడియో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోల కంటే ఇది ఉపయోగం.

ఫిజియో రోజుకి ఓ గంట ఉంటాడు. మిగిలిన 23 గంటలూ మీవే. మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది గానీ ఆగిపోదు. ఈ మూడు నెలల్లో ఇంట్లోవాళ్లు చేసే ప్రధాన నష్టం ఏంటంటే, పాపం అని అన్నీ వాళ్లే చేసిపెట్టడం. చొక్కా గుండీలు వాళ్లే పెడతారు, గ్లాసు నోటికి వాళ్లే అందిస్తారు, దువ్వెన కూడా వాళ్లే పడతారు. ఆయన చేయగలిగింది ఎంత ఆలస్యమైనా ఆయన్నే చేయనివ్వాలి. కుడి చేతిలో కాస్త కదలిక వస్తున్నట్టుంటే పనికొచ్చే పని చెప్పండి, వేరుశెనక్కాయలు ఒలవడం, చింతపండులో గింజలు తీయడం, మడతపెట్టిన తువ్వాలు విప్పడం. ముప్ఫై ఏళ్లు కొట్లో పొట్లాలు కట్టిన చేతికి రబ్బరు బంతి నొక్కడం మీద ఆసక్తి ఉండదు, కాగితమూ పురికొసా ఇచ్చి చూడండి.

ఇంకో సంగతి, పుస్తకాల్లో పెద్దగా కనపడదు గానీ మన ఇళ్లలో రోజూ చూస్తాను. కుడి చెయ్యి పడిపోయినవాళ్లు ఎడమ చేత్తో తినాలి. చాలామంది తినరు. నలుగురి ముందు ఎడమ చేత్తో ముద్ద పెట్టుకోవడం కంటే పస్తుండటమే నయం అనుకుంటారు, ఆకలి లేదని అబద్ధం చెప్తారు, ఇంట్లోవాళ్లేమో అరగట్లేదేమో అని అరుగుదల టానిక్కులు తెస్తారు. పొడుగాటి పిడి ఉన్న చెంచా, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం కొనండి, మొదట్లో ఆయన తినేటప్పుడు బయటివాళ్లెవరూ చుట్టూ లేకుండా చూడండి. మీరూ ఎదురుగా కూర్చుని చెంచాతోనే తినండి.

ఇక మాట. కుడి వైపు పడిపోయి మాట పోయిందంటే చాలాసార్లు మెదడులో ఎడమ వైపు భాషకి సంబంధించిన భాగం దెబ్బతిన్నదని. మాట రానివాళ్లలో చాలామందికి ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. వచ్చినవాళ్లు ఇది తెలియక మంచం పక్కనే నిలబడి "మా బావకీ ఇలాగే వచ్చి ఆర్నెల్లకి పోయాడు" అంటారు, కొట్టు అమ్మేద్దామా అద్దెకిద్దామా అని చర్చ పెడతారు. ఆ చర్చలన్నీ వీధి గుమ్మం బయట. కొట్టు సంగతి తేల్చాల్సి వస్తే ఆయన్ని అడిగే తేల్చండి, అవును, కాదు అని చెప్పగలిగేలా అడగండి. ఒక ప్రశ్న అడిగి మౌనంగా ఆగండి, మనకి చాలా సేపనిపిస్తుంది, ఆగండి. ఆయన వెతుక్కుంటున్న మాట మీరు అందించేయకండి. చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరవకండి. ఒక విచిత్రం చెప్తాను: సొంతంగా ఒక వాక్యం చెప్పలేనివాళ్లలో కొందరు చిన్నప్పుడు నేర్చిన వేమన పద్యం, ఒకటి నుంచి ఇరవై అంకెలు, రోజూ చదివే స్తోత్రం, పాత పాట గడగడా అనేస్తారు, అవి నోటికి అలవాటుగా వచ్చేవి కాబట్టి. అలా వస్తే "అన్నీ వచ్చు, కావాలని మాట్లాడట్లేదు" అని నింద వేయకండి, దాన్నే మొదటి మెట్టుగా వాడుకోవచ్చు. స్పీచ్ థెరపిస్టు తెనాలిలో దొరక్కపోతే వీడియో కాల్ మీద చెప్పేవాళ్లున్నారు. ఆ కాల్ బుక్ చేయడం, టైముకి గుర్తుచేయడం, పక్కన కూర్చోబెట్టడానికి ఎవరొస్తున్నారో కనుక్కోవడం డాలస్ నుంచి మీ అక్కగారు హాయిగా చేయొచ్చు.

అక్కగారి గురించి ఒక మాట, కోప్పడకండి. విదేశాల్లో ఉన్న పిల్లలు రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏం తిన్నారు, మోషన్ అయ్యిందా, బీపీ ఎంత, ఆ మందు ఎందుకిచ్చారు" అని అడుగుతారు. అప్పటిదాకా పనిచేసి కూలబడిన తల్లికి అది సాయంలా ఉండదు, పరీక్షలా ఉంటుంది. దానికి బదులు కాగితాల పని, డబ్బు పని మొత్తం ఆవిడ తీసుకోవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు అన్నీ స్కాన్ చేసి ఒకచోట పెట్టడం, తర్వాతి చెకప్ అపాయింట్‌మెంటు, మందులు అయిపోయే వారం ముందే తెప్పించడం, అటెండర్ జీతం. ఇంకోటి కూడా, డాక్టరుతో మాట్లాడేది ఇంట్లో ఒక్కరే అయి ఉండాలి, మిగతా అందరికీ ఆ ఒక్కరే చెప్పాలి. మామయ్య ఒకటి విని, బాబాయి ఇంకోటి విని, రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకెళ్లిపోదాం అని కారు మాట్లాడేసిన ఇళ్లున్నాయి.

ఏడుపు. ఉన్నట్టుండి ఏడుస్తారు, లేదా చావు కబురు వింటూ నవ్వుతారు. ఇది మెదడు దెబ్బ వల్ల వచ్చేదే, ఆయన చేతిలో లేదు, "చిన్నపిల్లాడిలా ఏంటిది" అనకండి, మాట మార్చండి చాలు. డిప్రెషన్ వేరు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. తిండి మానడం, ఎక్సర్‌సైజు వద్దనడం, గోడవైపు తిరిగి పడుకోవడం వారాల తరబడి ఉంటే బద్ధకం అనుకోకుండా డాక్టరుకి చెప్పండి, మందులున్నాయి, పనిచేస్తాయి. ఊళ్లో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి మీవాళ్లు జంకితే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అమ్మగారు తన కోసం కూడా చేయొచ్చు.

ఇక్కడే స్నేహితుల అవసరం. చుట్టాలు చేయలేనిది వాళ్లు చేస్తారు, ఎందుకంటే వాళ్లకి ఆయన రోగి కాదు, పక్క కొట్టు మనిషి. వాళ్లు వచ్చినప్పుడు ఆరోగ్యం గురించి అడగొద్దని ముందే చెప్పండి. పేపరు చదివి వినిపించమనండి, ధరలు చెప్పమనండి, పేకాట వచ్చంటే ఎడమ చేత్తో ఆడించమనండి. సాయంత్రం చక్రాల కుర్చీలో కొట్టుదాకా తీసుకెళ్లమనండి, వద్దంటారు, జనం చూస్తారని సిగ్గు, అయినా ఒకసారి వెళ్తే చాలామంది మర్నాడు వాళ్లే బయటికి పోదామన్నట్టు చెప్పులు చూపిస్తారు. ఇద్దరు స్నేహితులు వంతులేసుకుని రోజూ ఓ రెండు గంటలు కూర్చుంటే ఆ రెండు గంటలూ అమ్మగారు ఇల్లు వదిలి బయటికి పోవాలి. వంటింట్లోకి కాదు, బయటికి. ఆవిడకి బీపీయో షుగరో ఉంటే ఆవిడ మాత్రలు ఎవరు చూస్తున్నారో కూడా ఒకసారి కనుక్కోండి.

దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్లు గుమ్మం దగ్గరే ఆగాలి, ఎంత దగ్గరివాళ్లయినా. నాన్నగారికి షుగరు ఉంటే ఆ పళ్ల బుట్టలు పక్కింటి పిల్లలకి. ఉప్పు తగ్గించమన్నారంటే ఆవకాయ, అప్పడాలు ఆయన ఒక్కరికే బంద్ చేసి మిగతావాళ్లు ఎదురుగా తినడం నడవదు, ఇల్లంతా తగ్గించాలి.

పసరు మందు గురించి మీరు అడగలేదు గానీ ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారనీ, పావురం రక్తం రాస్తే నరాలు లేస్తాయనీ. పావురం రక్తంతో నరాలు లేవవు. పసరులో ఏముందో పోసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు, రక్తం పల్చబడే మందులు వాడుతున్న మనిషికి అది పోయడం ప్రమాదం, పైగా "ఇంగ్లీషు మందులు ఆపితేనే పనిచేస్తుంది" అంటారు, ఆపితే రెండో స్ట్రోక్. చెప్పినవాళ్లతో వాదన పెట్టుకోకండి, "డాక్టరు ఒప్పుకోలేదు" అనండి. నూనెతో మెల్లగా ఒళ్లు మర్దన చేస్తామంటే చేయనివ్వండి, చర్మం బాగుంటే అభ్యంతరం లేదు, భుజం మాత్రం లాగకూడదు. బీపీ నార్మల్‌కి వచ్చింది కదా అని బీపీ మాత్ర ఆపేయడం కూడా ప్రమాదమే. మాత్ర వేస్తున్నారు కాబట్టే నార్మల్‌గా ఉంది.

రెండో స్ట్రోక్ వస్తే ఎవరు ఏం చేయాలో ఇప్పుడే మాట్లాడుకోండి. మూతి వంకర, చెయ్యో కాలో కొత్తగా పడిపోవడం, మాట ఇంకా ముద్దగా అవడం, ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అందులో స్కాన్ టైము కూడా కలిసే ఉంటుంది, అందుకని చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోవాలి. నోట్లో ఏమీ వేయకూడదు, నీళ్లూ మాత్రా ఏదీ. రక్తం గడ్డకట్టిందో రక్తనాళం చిట్లిందో స్కాన్ చూస్తే తప్ప తెలియదు కాబట్టి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేసేయకండి. వీధి చివర ఆర్‌ఎంపీకి చూపించి ఆలోచిద్దాం అని ఒక గంట, ఎవరి కారు అని ఇంకో గంట, అలా పోతుంది టైము. చుట్టుపక్కల రాత్రిపూట సీటీ స్కానూ ఆ ఇంజెక్షనూ ఉన్న ఆసుపత్రి ఏదో ఒక స్నేహితుడితో ఇప్పుడే కనుక్కుని ఉంచండి.

డబ్బు విషయం త్వరగా చెప్తాను. ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి నెలకి 15,000, ఇతర దివ్యాంగులకి 6,000 ఇస్తున్నారు. అర్హత నిబంధనలున్నాయి, అందరికీ రాదు, మీ వార్డు సచివాలయంలో అడిగితే చెప్తారు, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో ధ్రువీకరించే కాగితం) స్లాటు కూడా అక్కడే. ఈ తిరుగుడు పని కొట్టు కుర్రాడికో మేనల్లుడికో ఇవ్వండి. కుడి చేత్తో సంతకం పోయింది కాబట్టి బ్యాంకుకి ముందే చెప్పండి, వేలిముద్రతో నడుస్తుంది, కదల్లేనివాళ్లకి సాక్షుల సమక్షంలో వేలిముద్ర తీసుకునే పద్ధతి బ్యాంకులకుంది. సంతకం ఫోర్జరీ చేసి డబ్బు తీసే తెలివితేటలు మాత్రం వద్దు, తర్వాత అన్నదమ్ముల మధ్య అదే గొడవవుతుంది.

చివరికి మీ ఉద్యోగం. మానేయకండి. నెలనెలా వచ్చే ఆ జీతం ఈ ఇంటికి ఇప్పుడు మందు లాంటిదే, పైగా మీరు అన్నీ వదిలేసి వచ్చేస్తే ఆ భారం నాన్నగారి మీద కూడా పడుతుంది, నా వల్లే కదా అని. ఉన్న సెలవులన్నీ ఇప్పుడే వాడేయకండి, ఇప్పుడు చుట్టూ జనం ఉన్నారు. వారాంతాల్లో వచ్చి వెళ్లండి, అందరూ వెళ్లిపోయే రెండో నెలలో ఇంటి నుంచి పనిచేయడానికి ఆఫీసులో ఇప్పటి నుంచే అడిగి పెట్టుకోండి.

డిశ్చార్జి సమ్మరీ ఒకసారి తీసి చూడండి. గుండె లయ తప్పడం వల్ల గడ్డ వచ్చిందని రాసి, రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ లాంటి మందేదైనా ఇచ్చి ఉంటే, ఆ మందు ఎంత పనిచేస్తుందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తేదీలు ఎవరు చూస్తారో ఇవాళే తేల్చుకోవాలి. గోంగూర, తోటకూర ఒక వారం కుమ్మేసి ఇంకో వారం మానేయడం ఆ మందుతో పడదు, రోజూ ఒకే మోతాదులో ఉండాలి. మందుల పేర్లు ఇక్కడ రాయండి, పేషెంటు పేరూ ఫోన్ నంబరూ ఉన్న కాగితం ఫోటో మాత్రం పెట్టకండి.